ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఆపరేషన్స్‌లో ఆర్‌పీఏ: తిరుపతి, చిత్తూరు విద్యార్థులు, ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో బీకాం, బీబీఏ, ఎంబీఏ చదివి బెంగళూరుకో, చెన్నైకో, హైదరాబాద్‌కో బ్యాంకు ఆపరేషన్స్ ఉద్యోగాలకు వెళ్లేవారు చాలామంది. వారూ, వారి తల్లిదండ్రులూ, ఇప్పటికే ఆ ఉద్యోగాల్లో ఉండి బాట్‌లను చూసి కలవరపడుతున్నవారూ నన్ను అడిగే ప్రశ్నలివి. ఆపరేషన్స్‌లో పనిచేసి, ఆ పని నేర్పుతున్న మనిషిగా నాకు తెలిసినంత వివరంగా జవాబులు రాస్తున్నాను.

ఆర్‌పీఏ అంటే ఏమిటి? రోబో అంటే మరమనిషి కదా?

ఇక్కడ మరమనిషి ఎవరూ ఉండరు. ఆర్‌పీఏ అంటే రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్. ఉద్యోగి కీబోర్డుతో, మౌస్‌తో చేసే పనిని అవే తెరల మీద, అదే వరుసలో చేసే సాఫ్ట్‌వేర్. లాగిన్ అవుతుంది, ఈమెయిల్‌కు జతచేసిన ఫైలు తెరుస్తుంది, అందులోని అంకెను ఇంకో తెరలో నింపుతుంది, రిపోర్టు తీసి పంపుతుంది. వాడుకలో దీన్ని బాట్ అంటారు. కొన్ని బాట్‌లు ఉద్యోగి కంప్యూటర్‌లోనే ఉండి, ఆయన మీట నొక్కినప్పుడు పనిచేస్తాయి. మరికొన్ని సర్వర్ మీద ఉండి, చెప్పిన వేళకు తమంతట తామే మొదలవుతాయి. రాత్రిళ్లు నడిచేవి ఎక్కువగా ఈ రెండో రకం.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఆపరేషన్స్ అంటే ఏ పని?

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అంటే పెద్ద సంస్థల కోసం షేర్లు, బాండ్ల లాంటి లావాదేవీలు చేసే బ్యాంకు. అక్కడ ట్రేడర్ ఒక షేరో, బాండో కొన్నాడనుకోండి. బేరం క్షణాల్లో కుదురుతుంది. ఆ తర్వాతి పనంతా ఆపరేషన్స్‌ది. బేరం వివరాలు సిస్టమ్‌లో సరిగా నమోదయ్యాయా, ఏ ఫండ్‌కు ఎన్ని షేర్లు పంచాలి, అవతలి పక్షం కూడా అదే ధర, అదే సంఖ్య ఒప్పుకుందా, డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలి, షేర్లు ఏ డిపాజిటరీలో (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే సంస్థలో) జమ కావాలి, మర్నాడు మన పుస్తకాలూ బ్యాంకు స్టేట్‌మెంటూ కలిశాయా అన్నీ చూడాలి. దీనికి తోడు బోనస్, డివిడెండ్ లాంటి కార్పొరేట్ యాక్షన్లు, మార్జిన్ కాల్స్ (హామీ సొమ్ము ఇంకా జమచేయమని అడగడం), కొత్త ఖాతాదారుల కేవైసీ (వారెవరో పత్రాలతో నిర్ధారించుకోవడం) ఉంటాయి. ట్రేడర్ చేసిన బేరం నిజంగా చేతులు మారేది ఈ విభాగం పని పూర్తయ్యాకే.

ఇంత డబ్బున్న బ్యాంకులు ఒకే మంచి సిస్టమ్ కట్టుకోవచ్చు కదా? బాట్‌లు ఎందుకు?

చాలా మంచి ప్రశ్న. పెద్ద బ్యాంకులు ఒకదాన్నొకటి విలీనం చేసుకుంటూ పెరిగాయి. ప్రతి విలీనంతోనూ ఒక పాత సిస్టమ్ వచ్చి చేరింది. షేర్లకు ఒకటి, బాండ్లకు ఒకటి, డెరివేటివ్‌లకు (ఫ్యూచర్స్, ఆప్షన్స్ లాంటివాటికి) మరొకటి. వాటికి తోడు ఖాతాదారుల షేర్లను భద్రపరిచే కస్టోడియన్ల వెబ్‌సైట్లు, రెండు పక్షాల మధ్య లెక్క తేల్చే క్లియరింగ్ సంస్థల తెరలు. అవి బయటివారివి కాబట్టి మార్చే అధికారం మనకు లేదు. వీటన్నిటి మధ్యా సమాచారాన్ని మోసేది ఇన్నాళ్లూ మనిషే. ఒక తెరలో చూసి ఇంకో తెరలో కొట్టడం, మధ్యలో ఎక్సెల్. సిస్టమ్‌లను నేరుగా కలపాలంటే ఏళ్లు పడుతుంది. బాట్ అయితే కొన్ని వారాల్లో నిలబడుతుంది.

అయితే బాట్ తాత్కాలిక వంతెనే. తెర మీద ఒక మీట చోటు మారినా, కొత్త హెచ్చరిక పెట్టె తెరుచుకున్నా ఆగిపోవచ్చు. నేరుగా కలిపే దారి దొరికిన రోజున బాట్‌ను తీసేస్తామని మొదటే రాసిపెట్టుకున్న విభాగాలు బాగుపడతాయి. ఆ ఆలోచన లేకుండా వందల బాట్‌లు పెంచుకున్న చోట వాటి మరమ్మతే ఒక కొత్త విభాగమై కూర్చుంటుంది.

ఏ పనితో మొదలుపెడతారు?

ఎక్కువ చోట్ల రీకన్సిలియేషన్‌తో, అంటే రెండు పుస్తకాలు సరిచూడటంతో. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆర్‌పీఏ బలమూ బలహీనతా రెండూ ఇక్కడే కనబడతాయి.

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి పండించే ఇంట్లో పుట్టినవారికి రీకన్సిలియేషన్ కొత్తేమీ కాదు. తోట నుంచి బయల్దేరేటప్పుడు తూకం చీటీ ఒకటి, గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర తూకం చీటీ ఒకటి, చివరికి ఖాతాలో పడిన సొమ్ము. మూడూ కలవాలి. కలవకపోతే తరుగు తీశారా, కాయ పాడైందని కోత పెట్టారా, ధర మారిందా అని ఆరా తీస్తాం. బ్యాంకులో జరిగేదీ ఇదే. కలవని వరుసను బ్రేక్ అంటారు.

ఒక బ్రేక్‌ను దగ్గరగా చూద్దాం. మన పుస్తకంలో 5,000 షేర్లు, ఒక్కొక్కటి 42.10 డాలర్ల చొప్పున కొన్నట్టు ఉంది. మొత్తం 2,10,500 డాలర్లు. అవతలి పక్షం పంపిన దాంట్లో 2,10,600 ఉంది. ఐఎస్ఐఎన్ (ఆ షేరును గుర్తించే కోడ్) కలిసింది, సంఖ్య కలిసింది, తేదీ కలిసింది, మొత్తం కలవలేదు. బాట్ ఇక్కడిదాకా తెచ్చి ఆపుతుంది. అనుభవం ఉన్న ఉద్యోగి ఆ 100 డాలర్లను 5,000తో భాగిస్తారు. షేరుకు 2 సెంట్లు. వెంటనే అర్థమవుతుంది, అవతలివారు కమిషన్ కలిపారు, మన సిస్టమ్‌లో ఆ ఖాతాదారుకు కమిషన్ రేటు నమోదు కాలేదు. ఆ రేటు సరిచేస్తే రేపటి నుంచి ఈ బ్రేక్ రాదు.

ఈ భాగహారాన్ని బాట్‌కూ నేర్పవచ్చు. తేడాను సంఖ్యతో భాగించు, ఒప్పందంలోని కమిషన్‌తో సరిపోతే ఆ కారణం రాసి మనిషికి పంపు అని. కానీ ఆ సంగతి బాట్‌కు చెప్పాలంటే ముందు ఎవరికో తెలిసి ఉండాలి. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. పని తెలిసినవారు రాసిన బాట్ కారణాన్ని పట్టుకుంటుంది. తెలియనివారు రాసినది ‘100 డాలర్ల లోపు తేడా ఉంటే కలిసినట్టే’ అని వదిలేస్తుంది. అలా వదిలిన తేడాలు రోజూ, వందల ట్రేడ్‌ల (బేరాల) మీద పేరుకుంటే, త్రైమాసికం చివర ఎవరూ వివరించలేని మొత్తంగా తేలుతాయి.

తేదీలు, అంకెలు కంప్యూటర్‌కు సమస్య ఎలా అవుతాయి?

03/04/2025 అని ఒక ఫైలులో ఉంది. మనకూ లండన్‌కూ అది ఏప్రిల్ 3. న్యూయార్క్‌కు మార్చి 4. మనిషి చూస్తే పక్క వరుసలను బట్టి గ్రహిస్తాడు, బాట్ తనకు చెప్పిన పద్ధతిలోనే చదువుతుంది. 12వ తేదీ దాటిన రోజుల్లో తప్పు వెంటనే బయటపడుతుంది, నెల మొదటి పన్నెండు రోజుల్లో దాగి ఉంటుంది. అందుకే బాట్‌ను నెలాఖరు ఫైళ్లతో మాత్రమే పరీక్షించి సరే అనకూడదు.

టీ+1 గురించి అందరూ మాట్లాడుతున్నారు. దానికీ ఆర్‌పీఏకూ సంబంధం ఏమిటి?

బేరం కుదిరిన రోజు టీ. సెటిల్‌మెంట్, అంటే డబ్బూ షేర్లూ చేతులు మారడం, ఎన్ని పనిదినాల తర్వాత జరగాలన్నది పక్కనున్న అంకె. మన దేశంలో 2002 ఏప్రిల్‌లో టీ+3, 2003 ఏప్రిల్‌లో టీ+2 వచ్చాయి. 2022 ఫిబ్రవరి 25 నుంచి విడతలవారీగా టీ+1కి మారుతూ, 2023 జనవరి 27కల్లా షేర్లన్నీ ఆ పద్ధతిలోకి వచ్చాయి. అమెరికా మనకన్నా వెనక, 2024 మే 28న మారింది. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, స్విట్జర్లాండ్ 2027 అక్టోబరు 11ను లక్ష్యంగా పెట్టుకున్నాయి.

మధ్యలో ఉన్న ఒక రోజు పోవడమంటే తప్పు దిద్దుకునే వ్యవధి పోవడం. అమెరికా మార్కెట్ సాయంత్రం 4 గంటలకు ముగుస్తుంది. ట్రేడ్ వివరాలను రెండు పక్షాలూ సరిచూసి ధ్రువీకరించడానికి అదే రాత్రి 9 గంటలు గడువు. వేసవిలో మన గడియారం ప్రకారం తెల్లవారుజామున 1:30 నుంచి 6:30 వరకు. ఆ అయిదు గంటల్లో వేల ట్రేడ్‌లను చేత్తో సరిచూడటం సాధ్యం కాదు. బాట్ మొదటి వడపోత పట్టి, కలవనివి మాత్రమే మనిషి ముందు పెడితే తెల్లవారేలోగా తేలుతుంది. గడువు దాటి సెటిల్‌మెంట్ విఫలమైతే ఖర్చే. యూరప్‌లో 2022 ఫిబ్రవరి 1 నుంచి విఫలమైన సెటిల్‌మెంట్లకు రోజువారీ జరిమానా కూడా ఉంది.

మేం రాత్రి షిఫ్టులో ఉంటాం. మార్చి, నవంబరు నెలల్లో బాట్‌లు ఎందుకు గందరగోళం చేస్తాయి?

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. మనం మార్చం. వేసవిలో రాత్రి 1:45కు వచ్చే ఫైలు చలికాలంలో 2:45కు వస్తుంది. బాట్‌ను 2 గంటలకు మొదలుపెట్టమని రాసి ఉంటే, నవంబరులో ఫైలు లేదని ఆగిపోతుంది. ఆగిపోతే మేలే. ఆ ఫోల్డర్‌లో నిన్నటి ఫైలు మిగిలి ఉంటే దాన్నే తీసుకుని నడిపేస్తుంది, అదీ ప్రమాదం.

గడియారాన్ని నమ్ముకున్న బాట్‌ను ఒప్పుకోకండి. ఫైలు లోపల ఉన్న తేదీ ఈరోజుదేనా, చివరి వరుసలో రాసిన రికార్డుల సంఖ్య లోపలి వరుసలతో సరిపోయిందా అని చూశాకే పని మొదలుపెట్టాలి. రెండు దేశాల సెలవుల పట్టిక కూడా దానికి ఇవ్వాలి. ఇవి రాయడానికి ఒక్క పూట చాలు.

కేవైసీ పని బాట్‌లు చేయగలవా?

పత్రాలు సేకరించడం, గడువు తీరినవి గుర్తుచేయడం, ప్రభుత్వ జాబితాల్లో వెతకడం వరకు బాగా చేస్తాయి. పేర్లు, చిరునామాలు పోల్చడంలో మన ప్రాంతం వాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతాలు అందులోకి వచ్చాయి. అక్కడివారి పాత పత్రాల్లో చిత్తూరు జిల్లా అని, కొత్తవాటిలో తిరుపతి జిల్లా అని ఉంటుంది. అదే ఇల్లు, అదే వీధి. అక్షరం అక్షరం పోల్చే బాట్‌కు ఇది చిరునామా తేడా. ఊరి పేరునే ఇంగ్లీషులో చివర హెచ్‌తో కొందరు, హెచ్ లేకుండా కొందరు రాస్తారు. ఇక పేర్లు చెప్పనక్కర్లేదు. ఒక పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు ముందు, మరోదాంట్లో అది చివర. పాశ్చాత్య దేశాల పద్ధతిలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టిన తెరలో మన పేరు ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

ఇవి తెలిసిన మనిషి నియమాలు రాసేటప్పుడు గదిలో ఉండాలి. జిల్లా పేరుకన్నా పిన్‌కోడ్‌కు ఎక్కువ విలువ ఇవ్వమని, పేరులోని పదాల వరుస మారినా ఒకటిగా చూడమని, పుట్టినతేదీ కలిసినప్పుడు తిరస్కరించకుండా పరిశీలనకు పంపమని చెప్పగలిగేది వారే. ఆంక్షల జాబితాలోని (లావాదేవీలు నిషేధించినవారి జాబితాలోని) పేరుతో పోలిక వచ్చినప్పుడు మాత్రం, అది ఆ మనిషేనా కాదా అన్న తీర్పు బాట్‌కు వదలకూడదు. కారణం రాసి, సంతకం చేసే బాధ్యత మనిషిదే.

కార్పొరేట్ యాక్షన్ల సంగతి?

వాటాదారు నిర్ణయంతో పనిలేనివి, అంటే డివిడెండ్, బోనస్, షేరు విభజన లాంటివి చాలావరకు బాట్‌కు ఇవ్వవచ్చు. 1:1 బోనస్ వస్తే 100 షేర్లు 200 అవుతాయి, ప్రకటనను బట్టి లెక్క స్పష్టం. రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకు కొత్త షేర్లు కొనే అవకాశం), బైబ్యాక్ (కంపెనీ తన షేర్లను తిరిగి కొనడం) లాంటివి అలా కావు. ఖాతాదారును అడగాలి, ఆయన జవాబును గడువులోగా పంపాలి. జవాబు రాకపోతే ఏం చేయాలన్నది ఒక్కో ఒప్పందంలో ఒక్కోలా ఉంటుంది. అక్కడ బాట్ గుర్తుచేసే పనికే పరిమితం కావాలి.

ఆర్‌పీఏ, ఆల్గో ట్రేడింగ్ ఒకటేనా?

కాదు. ఆల్గో కొనాలా అమ్మాలా అని నిర్ణయించి ఆర్డర్ పెడుతుంది. ఆర్‌పీఏ బేరం ముగిశాక కాగితం పని చేస్తుంది.

బాట్ తప్పు చేస్తే బాధ్యత ఎవరిది?

ఆ పని ఏ విభాగానిదో వారిది. ‘బాట్ చేసింది’ అన్నది ఆడిటర్ ముందు జవాబు కాదు.

ఇక్కడ ఒక ఉదంతం తెలుసుకోవాలి. 2020 ఆగస్టులో అమెరికాలో సిటీబ్యాంక్, రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల సంస్థ తీసుకున్న రుణం తరఫున రుణదాతలకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాల్సి ఉండగా, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేసింది. అసలు మొత్తాన్ని బయటకు పంపకుండా బ్యాంకు అంతర్గత ఖాతాలోకి మళ్లించాలంటే ఆ సాఫ్ట్‌వేర్ తెరలో మూడు గడులు నింపాలి. ఒకటే నింపారు. ముగ్గురు చూసి ఆమోదించారు. ముగ్గురూ ఒక్క గడి చాలని అనుకున్నారు. కొందరు రుణదాతలు సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వబోమన్నారు. 2021లో కింది కోర్టు వారి పక్షానే తీర్పు చెప్పింది, 2022 సెప్టెంబరులో పైకోర్టు దాన్ని కొట్టేసింది.

అక్కడ తప్పు చేసింది బాట్ కాదు, మనుషులే. అయినా ఆర్‌పీఏ నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఆ ముగ్గురిని అడిగి బాట్ రాసి ఉంటే అది కూడా ఒక్క గడే నింపేది, అలసట లేకుండా ప్రతిసారీ. కాబట్టి డబ్బు కదిలించే పనిలో బాట్‌ను మేకర్ (పని నమోదు చేసే) స్థానంలో ఉంచినా చెకర్ (సరిచూసి ఆమోదించేవారు) మనిషే కావాలి. ఆ చెకర్ కూడా బాట్ చూపించిన తెరనే చూసి సరే అనకూడదు. ‘ఈరోజు ఈ సంస్థకు ఎంత వెళ్లాలి?’ అన్న ప్రశ్నకు జవాబు వేరే చోటి నుంచి తెచ్చుకుని పోల్చాలి. ఒక పరిమితి దాటిన మొత్తం దగ్గర బాట్ తనంతట తాను ఆగాలి.

మిగతా కట్టుబాట్లు కూడా సామాన్యమైనవే. ప్రతి బాట్‌కు సొంత యూజర్ ఐడీ ఉండాలి, ఉద్యోగి పాస్‌వర్డుతో నడపకూడదు. పాస్‌వర్డు బాట్ లోపల రాసి ఉండకూడదు, భద్రమైన వాల్ట్‌లో ఉండాలి. చేసిన ప్రతి అడుగూ లాగ్‌లో నమోదు కావాలి. బాట్‌ను రాసినవారే దాన్ని అసలు సిస్టమ్‌లోకి ఎక్కించకూడదు. పరుగెడుతున్న బాట్‌ను ఎవరు, ఎలా ఆపాలో షిఫ్టులో ఉన్న అందరికీ తెలిసి ఉండాలి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా సంస్థ ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ అదుపు తప్పి, సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. అది ఆర్‌పీఏ కాదు గానీ, వేగంగా ఆపలేకపోతే ఏమవుతుందో చెప్పడానికి చాలు.

మా అమ్మాయికి బెంగళూరులో ఈ ఉద్యోగం వచ్చింది. బాట్‌ల వల్ల రెండేళ్లలో పోతుందేమోనని భయంగా ఉంది.

మీ భయం అర్థం లేనిది కాదు. రెండు ఎక్సెల్ షీట్లు పక్కపక్కన పెట్టుకుని సరిచూసే పని తగ్గుతోంది, ఇంకా తగ్గుతుంది. అదొక్కటే తెలిసినవారికి కష్టం. కలవని ట్రేడ్ ఎందుకు కలవలేదో కనుక్కునే పని, ఖాతాదారుతోనూ అవతలి బ్యాంకుతోనూ మాట్లాడి తేల్చే పని, కొత్త నిబంధన వచ్చినప్పుడు పద్ధతిని మార్చే పని మిగులుతాయి.

నన్ను నిజంగా ఆలోచింపజేసేది ఇంకొకటి. వెనుకటి రోజుల్లో కొత్తగా చేరినవారు కలిసే ట్రేడ్‌లు వేలకొద్దీ చూసి, కలవనిది ఎలా ఉంటుందో అలా నేర్చుకునేవారు. ఇప్పుడు సులువైనవన్నీ బాట్ తీసుకుంటోంది. చేరిన మొదటి వారంలోనే చిక్కుముడులు ముందుకొస్తున్నాయి. మీ అమ్మాయికి నా సలహా, శిక్షణ కాలంలో రోజుకు కొన్ని ట్రేడ్‌లను మొదటి నుంచి చివరి వరకు చేత్తో సరిచూసే అవకాశం ఇమ్మని తన టీమ్ లీడర్‌ను అడగమనండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

నేను బీకాం. కోడింగ్ రాదు. ఆర్‌పీఏలోకి రాగలనా?

తప్పకుండా. ఆర్‌పీఏ బృందంలో కోడ్ రాసేవారు కొందరే. పనిని గమనించి, అడుగడుగునా రాసి, ఎక్కడ దారి చీలుతుందో చెప్పేవారు బిజినెస్ అనలిస్టులు. ఆ పత్రం బాగుంటే బాట్ బాగుంటుంది. డెబిట్, క్రెడిట్ తెలిసిన బీకాం విద్యార్థి ఒక నోస్ట్రో ఖాతా (మన బ్యాంకుకు వేరే బ్యాంకులో ఉన్న ఖాతా) బ్రేక్‌ను అర్థం చేసుకున్నంత సహజంగా కంప్యూటర్ సైన్స్ విద్యార్థి అర్థం చేసుకోలేకపోవచ్చు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం నిర్వహించే ఏడో సిరీస్ పరీక్ష, సెక్యూరిటీస్ ఆపరేషన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్, రాయండి. మన మార్కెట్ సెటిల్‌మెంట్ మొత్తం వరుసగా అందులో ఉంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

బ్యాంకుల్లో ఎక్కువగా వినబడే పేర్లు యూఐపాత్, ఆటోమేషన్ ఎనీవేర్, బ్లూ ప్రిజం, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్. యూఐపాత్ రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2005లో మొదలైంది. బ్లూ ప్రిజం బ్రిటన్‌ది, 2022లో ఎస్ఎస్ అండ్ సీ సంస్థ చేతికి వెళ్లింది. నేర్చుకోవడానికి డబ్బు పెట్టనక్కర్లేదు. యూఐపాత్‌కు ఉచిత కమ్యూనిటీ వెర్షన్ ఉంది. పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ను 2021 నుంచి విండోస్ వాడేవారికి ఉచితంగా ఇస్తున్నారు. ఒకటి బాగా వస్తే రెండోది కష్టం కాదు. వాటికన్నా ముందు ఎక్సెల్ గట్టిగా రావాలి. ఆ తర్వాత డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ కొంచెం, వీలైతే ప్రోగ్రామింగ్ భాష పైథాన్.

ఫీజు కడితే ఉద్యోగం గ్యారంటీ అని ఒక శిక్షణ సంస్థ చెబుతోంది. చేరమంటారా?

ఉద్యోగం గ్యారంటీ అన్నారంటే అక్కడే ఆగండి. బ్యాంకు ఎవరిని తీసుకుంటుందో శిక్షణ సంస్థ చేతిలో లేదు. ఇంట్లో నగలు తాకట్టు పెట్టి ఇలాంటి ఫీజులు కట్టిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ పని దయచేసి చేయకండి. పాఠం చెప్పేవారిని ఒక్క ప్రశ్న అడగండి: ‘సెటిల్‌మెంట్ విఫలమైతే మర్నాడు ఉదయం ఏం చేస్తారు?’ ఆ పని చేసినవారైతే వివరంగా చెబుతారు. మీటలు నొక్కడం మాత్రమే తెలిసినవారు మాట మారుస్తారు.

చిత్తూరులో మాది చిన్న సబ్‌బ్రోకర్ ఆఫీసు. మాకు ఆర్‌పీఏ అవసరమా?

ఖరీదైన లైసెన్సులు అవసరం లేదు. ముందు ఎక్సెల్‌ను సరిగా వాడండి. ఒక ఉదాహరణ చెబుతాను. మన దేశంలోని రెండు డిపాజిటరీలు సీడీఎస్ఎల్, ఎన్ఎస్‌డీఎల్. సీడీఎస్ఎల్ డీమ్యాట్ ఖాతా సంఖ్యలో 16 అంకెలుంటాయి. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే నిలుపుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. కాబట్టి ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే సంఖ్యలు ఎక్కించాలి. ఎన్ఎస్‌డీఎల్ ఖాతాలు ఐ, ఎన్ అక్షరాలతో మొదలవుతాయి కాబట్టి వాటికి ఈ చిక్కు రాదు. ఇలాంటివి సరిచేసుకున్నాక, రోజూ ఒకేలా చేసే పని ఏదైనా మిగిలితే పవర్ ఆటోమేట్‌తో ప్రయత్నించండి.

ఏఐ వచ్చాక ఆర్‌పీఏ పాతబడిందా?

పాతబడలేదు, పక్కన ఇంకొకటి వచ్చి చేరింది. ఖాతాదారు తన మాటల్లో రాసిన ఈమెయిల్‌ను, స్కాన్ చేసిన కాగితాన్ని ఆర్‌పీఏ అర్థం చేసుకోలేదు. ఏఐ చాలావరకు చదవగలదు. కానీ చదివినది తప్పయినా అంతే నమ్మకంగా చెబుతుంది. అందుకని చదివే పని ఏఐకి, చదివినదాన్ని నియమాలతో పరీక్షించే పని మామూలు ప్రోగ్రామ్‌కు, తెరల్లో నింపే పని బాట్‌కు, ఆమోదం మనిషికి అని పంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏఐ ఈమెయిల్ చదివి నేరుగా డబ్బు పంపే ఏర్పాటును నేనైతే ఎక్కడా ఒప్పుకోను. ఫలానా ఖాతాకు డబ్బు పంపండి అంటూ దొంగ ఈమెయిళ్లు పంపేవారు ఎదురుచూసేది దానికోసమే.

తిరుపతిలోనే ఉండి ఈ ఉద్యోగం చేయవచ్చా?

ఖాతాదారుల సమాచారం కనబడే పనికి కష్టం. చాలా బ్యాంకులు ఆఫీసు నుంచే, ఫోను కూడా బయట పెట్టి చేయమంటాయి. ప్రక్రియ పత్రాలు రాయడం, పరీక్ష వాతావరణంలో బాట్ తయారుచేయడం లాంటివాటికి వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి అనుమతించే సంస్థలున్నాయి. పెళ్లయ్యాకో, పిల్లలు పుట్టాకో విరామం తీసుకుని మళ్లీ రావాలనుకునే మహిళలు ఈ వైపు చూడాలని నా కోరిక. ఆపరేషన్స్‌లో మూడు నాలుగేళ్లు చేసిన అనుభవం ప్రక్రియ పత్రంలో ప్రతి వాక్యంలోనూ పనికొస్తుంది.

ఇంటర్వ్యూకు ముందు ఇంట్లో కూర్చుని ఏం సాధన చేయాలి?

స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్ఎస్ఈ, బీఎస్ఈ రోజూ మార్కెట్ ముగిశాక ధరల ఫైలు ఉచితంగా పెడతాయి, దాన్ని భావ్‌కాపీ అంటారు. అందులోంచి 50 షేర్లు తీసుకుని రెండు ఎక్సెల్ ఫైళ్లు తయారుచేయండి. ఒకటి మీ పుస్తకం, ఒకటి అవతలి పక్షం. రెండో ఫైలులో కావాలనే తప్పులు పెట్టండి. ఒకచోట తేదీ తారుమారు చేయండి, ఒకచోట కమిషన్ కలపండి, ఒక ట్రేడ్‌ను రెండుసార్లు రాయండి, ఒకటి వదిలేయండి, ఒక ఐఎస్ఐఎన్‌లో ఒక అంకె మార్చండి. ఐఎస్ఐఎన్‌లో 12 గుర్తులుంటాయి, చివరిది తప్పు పట్టడానికి పెట్టిన తనిఖీ అంకె. దాన్ని లెక్కకట్టే సూత్రం మీరే రాయండి.

ముందు చేత్తో సరిచూడండి. తర్వాత బాట్ రాసి, అది మీరు పట్టుకున్నవన్నీ పట్టుకుందా, ప్రతిదానికీ కారణం రాసిందా చూడండి. వదిలేసినవి ఉంటే ఎందుకు వదిలిందో ఒక పేజీ రాసి ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. సర్టిఫికెట్లకన్నా ఆ పేజీ మీదే ఎక్కువసేపు మాట్లాడతారు.